వదిన అనుకుని చెప్పిన మాట

బుల్లికి,

అక్క దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. మీరూ బాగున్నారని తలుస్తాను అని రాయబోయి ఆగిపోయాను. ఆ మాట రాసే ముఖం నాకు లేదు.

అమ్మ మోకాలి గురించి అడిగావు. వాపు తగ్గింది, తిరుగుడు మాత్రం తగ్గలేదు. కూర్చోమంటే నన్నే కూర్చోమంటోంది. పాప కళ్లద్దాలు పెట్టుకోనని ఏడుస్తోందని రాశావు. చిన్నప్పుడు నువ్వు నీ అద్దాలు పిండి డబ్బాలో దాచిన సంగతి దానికి చెప్పకు.

ఇక నీ అసలు ప్రశ్న. "అక్కా, కంపెనీ లాయరువి నువ్వే కదా, మా ఆయనకి ఇంక భయం లేనట్టేగా?" భయం ఉంది. నేను కంపెనీ లాయరుని కాబట్టే ఉంది.

ఫ్యాక్టరీలో బాయిలరు పేలి ఇద్దరికి ఒళ్లు కాలిన వారానికి, అందరితో మాట్లాడి రాసుకురమ్మని కంపెనీ నన్ను పంపింది. అక్కడి మేనేజరు మా చెల్లెలి భర్త అని ముందే చెప్పాను. "మరీ మంచిది, మీకైతే మనసు విప్పి చెప్తాడు" అన్నాడు డైరెక్టరు. అక్కడే లేచి రావలసినదాన్ని. నేను దగ్గరుంటే మీ సంసారాన్ని కాపాడుకోవచ్చనుకున్నాను, బుల్లీ.

మాట్లాడే ముందు ప్రతి మనిషికీ ఒక మాట చెప్పి తీరాలి. "నేను కంపెనీ లాయరుని, మీ లాయరుని కాను. మీరు చెప్పింది కంపెనీ మీ మీదే వాడుకోవచ్చు." పొద్దుటి నుంచి ఐదుగురికి చెప్పాను. ఆరో మనిషి నీ మొగుడు. మాసిన గడ్డంతో వచ్చి కుర్చీ అంచున కూర్చుని, "వదినగారూ, మీరొచ్చారు, అది చాలు" అన్నాడు. ఆ మాట అతనికి చెప్పలేదు. మంచినీళ్లిచ్చి, "చెప్పండి, నేనున్నాగా" అన్నాను.

అంతా చెప్పాడు. బాయిలరు బాగానే ఉందన్న తనిఖీ కాగితం మీద సంతకం అతనిదే. ఎందుకు పెట్టాడో, ఎవరు పెట్టమన్నారో చెప్తూ ఏడ్చేశాడు. అదంతా నా చేతిరాతలోనే ఉంది, ఆ కాగితాలు ఇప్పుడు కంపెనీవి. పోలీసులకు ఏది చూపాలో, ఏది దాచాలో వాళ్ల ఇష్టం. సంతకం వరకే చూపితే జైలుకు పోయేది అతనొక్కడే.

కేసు నిన్ననే వదిలేశాను. అయినా విన్నదాన్ని విననట్టు చేసుకోలేను, అతని తరఫున నిలబడే అర్హతా నాకు లేదు. ఈ ఉత్తరం అందిన పూటే వేరే లాయరుని పెట్టు. కంపెనీ చూపించిన మనిషిని మాత్రం వద్దు. అప్పటిదాకా అతన్ని ఎవరి దగ్గరా నోరు విప్పొద్దను. నాకూ ఫోన్ చెయ్యొద్దను. నాలుగు రోజులుగా నేను ఎత్తనిది అందుకే.

నాకు జవాబు రాస్తే అతను అన్న మాట ఒక్కటి కూడా అందులో రాయకు. రేపు పోలీసులు ఆ ఉత్తరం కూడా అడిగి తీసుకోగలరు. నన్ను తిట్టు. తిట్లు మాత్రమే రాయి, అన్నీ చదువుకుంటాను.

ఇట్లు,
నీకింకా అలా పిలవాలనిపిస్తే,
నీ అక్క