బావ చెప్పిన మబ్బు

1993 నవంబరు 14, ఆదివారం. మెటియాబ్రుజ్.

బావా నేనూ కొండల నుంచి సాయంత్రం ఇల్లు చేరాం. సంచులు దించకముందే మా ఆవిడ వాళ్ళన్నయ్యని అడిగింది. "ఏటన్నియ్యా, మంచుకొండ కనిపించిందేటి?"

"ఎక్కడమ్మా, ఒకటే మబ్బు," అన్నాడు బావ.

"డబ్బులెట్టి మబ్బు చూసొచ్చారేటి!" అని నవ్వింది. బావ ఇంకా గట్టిగా నవ్వాడు.

మొన్న ఉదయం అక్కడ ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. సందక్‌ఫూ శిఖరం ఇంకో రెండు గంటల నడక. అక్కడికెక్కితే కాంచనజంగ ఎదురుగా కనిపిస్తుంది. అందుకోసం బావ రెండేళ్ళు సెలవులు దాచుకున్నాడు. నాకేమో ముందు రాత్రి నుంచీ ఆ ఎత్తు పడక తలపోటు, వాంతులు. చెప్పలేదు. ఓడరేవు డాక్‌లో ఒంట్లో బాగులేదంటే కూలీల సర్దార్ ఆ పూటే ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. నోరు మూసుకుని మోయడం అలవాటైపోయింది. దారిలో నేను కూలబడ్డాకే బావకి తెలిసింది.

"ఇక్కడ ఏ సర్దారున్నాడని దాచేవు?" అని తిట్టాడు. మా వీధి దర్జీ గుడ్డముక్కలతో కుట్టిచ్చిన నా సంచి కూడా తనే భుజానికెత్తుకుని, నన్ను పట్టుకుని కిందికి దింపాడు. ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు. బావ లేకపోతే ఇప్పుడిక్కడ కూర్చుని రాసేవాణ్ణి కాను.

నిజం ఆవిడకి చెప్పాలనుంది. చెబితే బావ ఊరుకోడు. చెప్పకపోతే నాకోసం బావ ఏం వదులుకున్నాడో ఆవిడకి ఎప్పటికీ తెలీదు.

ఇందాక తనింటికి వెళ్తూ బావ గుమ్మంలో ఆగి అడిగాడు. "తలపోటు తగ్గిందేటి?"

"ఇంకా కొంచెం ఉంది బావా," అన్నాను. పన్నెండేళ్ళ డాక్ పనిలో ఒంట్లో బాగులేదని ఒకరితో అనడం ఇదే మొదలు.