అమ్మ నూనె రాసిన పొర

బుధవారం, రాత్రి

రేపు సార్ ముందర నూనెను, నీళ్ళను వేరు చేసి చూపించాల. కాలేజీ మిషన్‌లో ప్లాస్మా పట్టించిన, జల్లెడ గుడ్డలాంటి పాలిమర్ పొరను డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చినాను. నీళ్ళను కిందికి వదిలి, నూనెను పైనే ఆపడం దాని పని. సాయంత్రం అమ్మకు చూపిద్దామని నీళ్ళు పోస్తే ఒక్క చుక్క దిగలేదు.

"జల్లెడ అనుకుని నువ్వుల నూనె రాసినాను కన్నా. కొత్తది కదా," అనింది అమ్మ.

మాది గానుగ నూనె అంగడి. కొత్త జల్లెడైనా, గరిటైనా నూనె రాయకుండా వాడము. నూనె ఒల్లని వస్తువు కూడా ఉంటుందని పాపం ఆమెకెట్ల తెలుస్తుంది? అయినా అరవబోయినాను. "మీ సారుకు నేను వచ్చి చెప్పేదా?" అని కండ్లనీళ్ళు పెట్టుకుంటే పొరను మళ్ళా డబ్బాలో పెట్టేసినాను.

ల్యాబులో ప్లాస్మా పట్టించని ఇంకో ముక్క ఉంది. పొద్దున్నే మిషన్ ఖాళీగా దొరుకుతుందో లేదో...

ఇప్పుడే అమ్మ నూనె గిన్నెతో వచ్చింది. "రేపు మంచి పని మీద పోతున్నావు, తలకు రాస్తా రా."

నూనె తలతో ల్యాబుకు రావద్దంటారు సార్. అయినా అమ్మ ముందర కూర్చుని తల వంచినాను.