ఎడమ వెనక డోరు

జూన్ 16, సోమవారం
పిల్లల్ని బడికాడ దించి ఒస్తుంటే ఎల్బీనగర్ మలుపుల ఆటో గుద్దింది. ఎడమ వెనక డోరు లోపలికి పోయింది. నాకేం కాలె. కార్ల పిల్లలు లేరు — ఇదొక్కటే పదిసార్లు అనుకున్న. అరగంట ముందైతే ఆ సీట్ల ఆర్యన్ ఉండేటోడు.
మా అపార్ట్‌మెంటుల ఆర్యన్‌తోని కలిపి నలుగురు పిల్లలు రోజూ నా కార్లనే బడికి పోతరు, వాళ్ల ఇండ్లోళ్లు నెలకింత అని ఇస్తరు. ఇప్పుడు ఎట్ల...

జూన్ 17, మంగళవారం
కొత్త డోరుకు పదిహేను రోజులంట. మెకానిక్ రహీం భాయ్ అన్నడు — "అన్ని దినాలు పిల్లల్ని ఎవరు తీస్కపోతరు అక్కా? సెకండ్ హ్యాండ్ డోరు చూస్కో. గానీ మోడల్ ఒక్కటే చూస్తె కాదు. ఏ ఏడాదిదో, ఏ వేరియంటో అడుగు. బోల్టు బొక్కలు, వైరు ప్లగ్గు, లాకు — మూడూ చూడు."
ఆయన ఊరికి పోతుండు. శనివారం దాక రాడు.

జూన్ 18, బుధవారం
ఉదయం పిల్లల్ని ఆటోల పంపిన. ఎట్లనో ఆ సొట్ట కారుతోనే పెద్ద అంబర్‌పేట్ పోయిన. రోడ్డు పొంటి పాత కార్ల సామాన్ల షెడ్డు. గోడకు వరుసగ డోర్లు. ఎవరి కార్లవో, ఆ కార్లకు ఏమైందో... అడగాలనిపించలె.
తెల్లది ఒకటి దొరికింది, అచ్చం నా కారు రంగు. బోల్టు బొక్కలు సరిపోయినయ్. ఏ ఏడాదిది అంటే షెడ్డాయన — "సేమ్ మోడల్ అమ్మా, కండ్లు మూస్కోని పెట్టుకో."
అక్కడనే బిగించిండ్రు, పాత డోరు ఇప్పి వెనక సీట్ల పెట్టిండ్రు. కారు దిక్కునుంచి ఒక ప్లగ్గు ఒచ్చింది, డోరుల దాన్ని పెట్టే జాగనే లేదు. టేపు చుట్టి లోపలికి నూకిండ్రు. "ఏం కాదమ్మా." నేను చూస్తనే ఉన్న. రంగు కలిసింది గదా అని ఊకున్న.

జూన్ 19, గురువారం
అంతా మంచిగనే ఉంది. డోరు పడే చప్పుడు జర వేరే.

జూన్ 20, శుక్రవారం
పొద్దున పిల్లల్ని బడికి తీస్కపోతున్న.
దిల్‌సుఖ్‌నగర్ గ్రీన్ సిగ్నల్ పడ్డది, కారు కదిలిచ్చిన. వెనకకెల్లి గాలి. అద్దంల చూస్తె డోరు బార్లా తెరిచి ఉంది. ఆర్యన్ గుంజిన హ్యాండిల్ ఇడువలె — సగం బయటకే ఉన్నడు. పక్కన బస్సు. వాని పక్కన కూసున్న పిల్ల స్పందన వాని షర్టు పట్టి గుంజింది. నేను ఎప్పుడు ఆపిననో తెల్వదు. వాని బ్యాగు రోడ్డు మీద పడ్డది. దాని మీదికెల్లి బస్సు టైరు పోయింది.
లాకు బటన్ ఒత్తిన గదా. రోజూ ఒత్తుత. మూడు డోర్ల లాకులు పడ్డయి, దీనిది పడలె. చైల్డ్ లాకు మీట చూస్తె విరిగి ఉంది.
దిగేటప్పుడు ఆర్యన్ మెల్లగ అన్నడు — "ఆంటీ, అమ్మకి చెప్పనులే. బ్యాగు స్కూల్లో చిరిగిందని చెప్తా."
ఏడేండ్ల పిల్లోడు.
సరే అన్న.

జూన్ 21, శనివారం
రహీం భాయ్ ఒచ్చి డోరు ఇప్పిండు. "ఇది తక్కువ వేరియంటుది అక్కా. దీంట్ల లాకు మోటరే లేదు. నీ పాత డోరు పక్కన పెట్టి చూస్తె అక్కడనే తెలుస్తుండె." సొట్టపోయిన డోరుల లాకు మంచిగనే ఉందంట. దాన్ని మోటరు, చైల్డ్ లాకు మీటతోని సహా తీసి దీనికి బిగించిండు. ఇరవైసార్లు ఏసి తీసి చూసిన. పడుతుంది.
మా ఆయన అంటడు — "ఏం కాలె గదా. చెప్తె నాలుగిండ్లోళ్లూ మానేస్తరు."
నిజమే. నాకూ అదే భయం.

జూన్ 22, ఆదివారం
చెప్పిన. ఆర్యన్ వాళ్లమ్మ పద్మజ మేడంకు, వాళ్ల గుమ్మంల నిలబడి, మొత్తం.
"శుక్రవారం జరిగితే ఇవాళ చెబుతున్నారా?"
మేడమే మల్ల అడిగింది.
"బ్యాగు గురించి వాడు అబద్ధం చెప్పాడు. మీరు చెప్పమన్నారా?"
"లేదు మేడం. గానీ ఒద్దనలె."
తలుపు మెల్లగ ఏస్కున్నది. గట్టిగ ఏసినా బాగుండు.
మిగిలిన మూడిండ్లకు ఇంక చెప్పలె.

జూన్ 23, సోమవారం
ఏడున్నరకు మేడం ఒక్కతే దిగొచ్చింది. ఎడమ వెనక సీట్ల కూసున్నది, ఆర్యన్ జాగల. "చంపాపేట్ దాకా పోనివ్వండి."
లాకు ఒత్తిన. మెల్లగ పోతున్న. ఆమె హ్యాండిల్ గుంజింది. మల్ల గుంజింది. భుజంతోని డోరును నూకింది. అద్దంల ఆమె మొకమే చూస్తున్న, రోడ్డు చూస్తలేను. డోరు రాలె.
తిరిగొచ్చినంక నేనే దిగి బయటికెల్లి తీసిన. మేడం దిగి డోరు అంచు మీద చెయ్యి పెట్టింది. "రాత్రి వాడు నిద్రలో ఉలిక్కిపడి లేచాడండీ. రెండుసార్లు." అంతే. పైకి పోయింది. ఆర్యన్‌ను పంపుతదో లేదో చెప్పలె, నేనడగలె.
మిగిలిన ముగ్గుర్నే తీస్కపోయిన. ముందట ఒకరు. వెనక ఇద్దరూ కుడి దిక్కే ఇరుక్కోని కూసున్నరు... నేనేం అనకముందే.