టవర్ పరీక్షలో కార్తీక్ పాసయ్యాడు

గురువారం, షోళింగనల్లూరు

నా మీద నాకే రోత పుడుతోంది. కంప్యూటర్ మీద విమానాల కంట్రోలర్ పని నేర్పే మా ఆన్‌లైన్ క్లబ్బులో నేలమీద విమానాలను నడిపించే గ్రౌండ్ మెట్టు దాటి, రన్‌వే చూసుకునే టవర్ పరీక్షదాకా రావడానికి కార్తీక్‌కు ఆరు నెలలు పట్టింది. ఈరోజు ఆ పరీక్ష పెట్టింది నేనే. రన్‌వే మీద ఒక విమానం ఉండగానే ఇంకోదాన్ని దిగమన్నాడు. ఫెయిల్ చేయాల్సిందే. కానీ సీనియర్ మురళి, "ఈడ నిజంగా ఎవురన్నా చస్తారా? టవర్‌లో కూచునేదానికి మనుషుల్లేరు. పాస్ చేసెయ్ మా" అన్నాడు. చేసేశాను.

ఇందాక కార్తీక్ ఫోన్ చేశాడు.

"అక్కా, రన్‌వే మింద ఇంకోటి ఉండింది. మీరు చూడలేదా?"

చూడలేదన్నాను.

"సరేక్కా" అన్నాడు. గొంతులో సంతోషం లేదు. రేపటినుంచి వాడికి తర్వాతి మెట్టు, దిగడానికొచ్చే విమానాలను వరసలో పెట్టే అప్రోచ్, నేర్పాల్సింది కూడా నేనే...