నీ కుందేలికి బోదగడ్డి

అక్కా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నీ కుందేలు బాగానే తింటోంది కానీ, దాని వెనకకాళ్ల మడమలు పుండ్లయ్యాయి. తప్పు నాదే. ఎండలకు చల్లగా ఉంటుందని గూటిలో తాడిపత్రి బండ పరిచాను. నున్నటి రాయిలో ఉచ్చ ఇంకదు కదా. పాపం, అది ఆ తడిలోనే కూర్చునేది.

కుందేలును ఎత్తుకుపోయి, పరుపులు కుట్టే దూదేకుల ఖాసీం మామను కాస్త దూది అడిగాను.

"ఏమప్పా, కుందేలికి పెండ్లా, పరుపు కుట్టేకి?" అని నవ్వాడు. తర్వాత మడమ పట్టి చూశాడు. "దూది వద్దు, తింటే కడుపులో ఉండ కట్టుకుంటాది. మెత్తగా కాదు, పొడిగా ఉండాల. చెక్క ఏసి, పైన మందంగా గడ్డి పరుచు."

మెత్తన వేరు, పొడి వేరు అని నాకు అప్పటిదాకా తోచలేదు. రెండు మాటలనూ నోటుపుస్తకంలో పక్కపక్కన రాసుకున్నాను. ఇంటికొచ్చి చెనిక్కాయ పొట్టు, కొర్రగడ్డి చెంపకు ఆనించి చూశాను. పొట్టు గుచ్చుకుంది. కొర్రగడ్డి బాగుంది.

"ఎద్దులకే మేత లేదు, దీనికి పాన్పు కావాలంట!" అని నాయన గడ్డి లాక్కున్నాడు.

నువ్వు పోయాక ఆయన గూటి వైపు రాలేదు. ఈరోజు మాత్రం వచ్చి, వంగి దాని కాళ్లు చూశాడు. లేచి, కొట్టం మీద కప్పిన బోదగడ్డిని చూరు దగ్గర రెండు చేతులా పీకాడు.

"నాయనా, వానొస్తే ఆడ కారతాది."

"కారనీప్పా. వానొస్తే సాలు."

చెక్క మీద గడ్డి తానే పరిచాడు. కుందేలు వాసన చూసి, కాళ్లు చాపి పడుకుంది. నాయన చాలాసేపు అక్కడే కూర్చున్నాడు.