గంగల పుస్తకాలు

గంగా, తల్లీ,

నీ పేరున్న వాళ్ల కథలున్నాయని నువ్వు ఏరి దాచుకున్న పుస్తకాలన్నీ నీ పుట్టినరోజని ఇవాళ మన బంగారుపాళ్యం లైబ్రరీకి ఇచ్చేశాను. కథల్లో గంగలు, నిజంగా బతికిన గంగలు, అందరూ ఒకే అరలో ఉన్నారు. గంగమ్మకు మొక్కుకుని కన్న ఆడపిల్లలందరికీ ఇక్కడ నీ పేరే కదా, వాళ్లంతా చూడ్డానికి వచ్చారు. మిట్టవీధి గంగవ్వ కూడా కర్ర పోటేసుకుంటూ వచ్చింది.

"నాకు సదువు యాడొచ్చు? బొమ్మలుండేది ఇయ్యి" అనింది.

"నేను సదివి వినిపిస్తాలే అవ్వా, నువ్వు నిద్రపోకుంటే సాలు" అనింది పక్కింటి గంగ.

అందరికీ పొంగలి పెడదామని, నువ్వు పోయాక నా నోటికి రాని పేరును గట్టిగా పిలిచాను.

"గంగా!"

"ఆఁ, వస్తా ఉండామమ్మా!" అని అందరూ ఒక్కసారే పలికారు.

పొంగలి చాలక మళ్లీ వండాను, తల్లీ.

మీ అమ్మ