చెప్పకుండా వేసిన సోడా

భిలాయి,
ఆదివారం

మా అప్పకి,

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటే అని నవ్వుకుంటున్నావా? ఫోనులో నేను రెండు ముక్కలు చెప్పేలోపు నువ్వు, అక్కవి కదా, నాలుగు సలహాలు చెప్తావు, అక్కడితో నేనేం చెప్పబోయానో నాకే గుర్తుండదు. అందుకని రాస్తున్నాను. ఈ నాలుగు లైన్లు రాసేలోపే ఒకసారి లేచి హాల్లోకి వెళ్ళి చూసొచ్చాను. నాకు కాళ్ళు నిలవడం లేదప్పా.

మా హాల్లో పెద్ద గాజుతొట్టె ఉందే, నువ్వు మా పెళ్ళికి వచ్చినప్పుడు చూసి "ఈ చేపలకి ఏటి పెడతారు?" అని సారథిని అడిగావు. అందులో చేపలు ఉత్త బంధువులు. అసలు సంసారం పగడాలది. పగడమంటే గొలుసులో గుచ్చుకునే ఎర్రపూస కాదు. బతికున్నది, కొమ్మలేసుకుంటూ పెరిగేది. సారథి మొదటి భార్య కిరణ్మయి పెట్టుకున్న తొట్టె అది. ఆవిడది భీమిలి. సముద్రం లేని ఊళ్ళో కాపురమేమిటని బెంగపెట్టుకుని, నీళ్ళలో ఉప్పు కలిపి హాల్లోనే సముద్రం కట్టుకుంది. వేలెడంత ఉన్నప్పుడు ఆవిడ స్వయంగా రాయికి అతికించిన ఊదారంగు పగడం ఒకటి ఇప్పుడు నా అరచెయ్యి దాటిపోయింది. ఆవిడ జబ్బు చేసి పోయింది. తొట్టె ఉంది, కూతురు వాసవి ఉంది. ఆ తరవాత నేను వచ్చాను.

వాసవి మంచిపిల్ల, అది ముందే చెప్తున్నాను. ఎదురు మాట్లాడదు, నేను వండినది వంక పెట్టకుండా తింటుంది. కానీ నేను ఆంటీని, మీరుని. ఒకసారి తొట్టె అద్దం తుడవబోతే, "రహనే దీజియే ఆంటీ, ఉండనీండి, నేను చూసుకుంటాను" అని నా చేతిలోంచి గుడ్డ మెల్లగా తీసేసుకుంది. ఆ మెల్లగా తీసుకోవడమే నాకు నొప్పి. లాక్కుని ఉంటే నేనూ ఓ కేక వేసి ఊరుకునేదాన్ని.

ఇప్పుడు ఆ ఊదా పగడం కొసలు పాలిపోతున్నాయి. మొన్న వాసవి వాళ్ళ అమ్మమ్మతో ఫోనులో అంటుంటే విన్నాను: "అమ్మ కోరల్ ఉన్నన్నాళ్ళూ ఇక్కడే ఉంటాను అమ్మమ్మా. అది పోతే వచ్చీస్తాను." వాసవి టెన్త్ అయిపోయింది, విశాఖలో చదివిస్తానని ఆవిడ రోజూ పిలుస్తోంది. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టాక తల్లి తొట్టె పోయి, పిల్ల కూడా పోయిందంటే ఇంక నేనెవర్ని? ఆ మాటే సారథితో అన్నాను, "ఆ ట్యాంకు నేనుండగా పోయిందంటే నేనీ ఇంట్లో ఉండలేను" అని. ఆయన పేపరు దించకుండా "నీళ్ళే గదా, ఒగ్గియ్యే" అన్నారు.

ఎలా వదిలెయ్యను? స్టీలు ప్లాంటు ల్యాబులో నా ఉద్యోగమే అది కదా. ఫర్నేసులోంచి శాంపిల్ వస్తుంది, ల్యాబులో మేం అంకె చెప్తాం, తక్కువైనది వాళ్ళు వేస్తారు, మళ్ళీ శాంపిల్ వస్తుంది. అంకె తప్పుగా ఉంటే చేతులు కట్టుకుని కూర్చోవడం మాకెవరికీ రాదు. సుపేలా బజారులో రంగుచేపల షాపుకి వెళ్ళి చుక్కలేసి చూసే కిట్ కొనుక్కొచ్చి, వాసవి ట్యూషన్‌కి వెళ్ళాక నీళ్ళు చూశాను. పగడం తన ఎముక కట్టుకోవడానికి రోజూ నీళ్ళలోంచి కాల్షియం, ఆల్కలినిటీ అనే క్షారగుణం రెండూ లాక్కుంటుంది. అలా తగ్గింది మనం నింపాలి. ఆల్కలినిటీ ఆరుకి పడిపోయి ఉంది. ఎనిమిది ఉండాలి. లెక్క కట్టి, వంటసోడా నీళ్ళలో కరిగించి పోసేశాను. వాసవికి చెప్పలేదు. చెప్తే మళ్ళీ "రహనే దీజియే" అంటుంది. నువ్వూ ఎవరికీ చెప్పకు, ముఖ్యంగా అమ్మకి.

నీ చెల్లి
ప్రసన్న

భిలాయి,
గురువారం

అప్పా,

"పిల్లకి చెప్పి చెయ్యవే" అని రాశావు. చెప్పి చేసే ధైర్యముంటే నీకెందుకు ఉత్తరాలు రాస్తాను తల్లీ?

నాకు పిచ్చెక్కేలా ఉంది. ఎనిమిదికి తెచ్చి పెట్టానా, మర్నాడు చూస్తే పదకొండు! నేను వేసిన సోడాకి పదకొండు ఎలా వస్తుంది? ఉప్పుని అనుమానించాను. ఫిల్టరు నీళ్ళని అనుమానించాను. కిట్ పాడైందేమోనని సుపేలా వెళ్ళి ఇంకోటి తెచ్చాను. అది పదకొండున్నర చూపించింది. సరే, ఎక్కువైంది కదా అని కొంత నీళ్ళు తీసేసి కొత్త ఉప్పునీళ్ళు పోశాను. తగ్గింది. హమ్మయ్య అనుకుని డ్యూటీకి వెళ్ళొచ్చి చూద్దును కదా, మళ్ళీ పైన! కాల్షియం సంగతి చెప్పనే అక్కర్లేదు, ఓ రోజు కింద, ఓ రోజు అటక మీద. ఇన్నేళ్ళుగా నందిని గనుల సున్నపురాయి పరీక్ష చేస్తున్నాను, ఒక్క శాంపిల్ నన్నిలా ఏడిపించలేదు. ల్యాబులో శాంపిల్ పట్టుకుని నిలబడితే అది సున్నపురాయో, మా హాల్లో నీళ్ళో తెలియడం లేదు. నిన్న ఒకే రిజల్టు రెండుసార్లు ఫోనులో చదివితే అవతల షిఫ్టు మేనేజరు "మేడమ్, తబియత్ ఠీక్ హై న?" అని నా ఒంట్లో ఎలా ఉందో అడిగాడు.

ఇంట్లో కూడా అదే వరస. అన్నం కలుపుకుంటూ లేచి వెళ్ళి తొట్టె ముందు నిలబడతాను. సారథి చూసి, "ఏటే, దాన్ని కూడా ఫర్నేసు అనుకుంటన్నావేటి?" అని నవ్వుతారు. ఆయనకి నవ్వే. ఊదా పగడానికి మొదలు దగ్గర చర్మం ఊడి తెల్లగా ఎముక కనిపిస్తోంది. నేనెంత సరిదిద్దితే అంత చెడుతోంది. వాసవి కూడా చూసింది. అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు అలాగే ఉండి, "ఆంటీ, మీకు టీ పెట్టనా?" అంది. దానికి టీ పెట్టడం రాదప్పా. పెట్టింది. చక్కెర వెయ్యడం మర్చిపోయింది. నేను తాగేశాను. ఎందుకంత ప్రేమగా ఉంది, వెళ్ళిపోయే ముందు నన్ను మంచి చేసుకుని వెళ్దామనా అని నాకు అనుమానం.

ఇక నీకొక్కదానికే చెప్తున్నాను. నేనో నిర్ణయానికి వచ్చాను. నేనూ ఉద్యోగం చేస్తున్నాను, నా పేరు మీద క్వార్టరు అడగొచ్చు. ఆఫీసులో కనుక్కుంటే వేరే సెక్టర్లో ఒకటి ఖాళీ అవుతోందన్నారు. ఆ పగడం పోగానే అక్కడికి మారిపోతాను. ఆదివారాలు వచ్చి సారథికి వండిపెట్టి వెళ్తాను, జనం ఏమనుకుంటే అననీ. ఇది వాసవి ఇల్లు, దాని తల్లి కట్టుకున్న ఇల్లు. పోవలసి వస్తే నేను పోతాను గానీ ఆ పిల్లెందుకు పోవాలి? కోపంతో అనడం లేదే. కోపముంటే బాగుణ్ణు. నాకా పిల్లంటే ప్రాణం, అదే వచ్చిన చిక్కు. దానికి జడ వెయ్యాలని ఉంటుంది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, జడెక్కడ వేస్తానులే. అయినా ఉంటుంది.

సారథికి ఇంకా చెప్పలేదు. వచ్చేవారం చెప్తాను. నువ్వు వెంటనే ఫోను చేసి తిట్టకు. ఉత్తరం రాసి తిట్టు.

కుదురులేని నీ చెల్లెలు
ప్రసన్న

భిలాయి,
బుధవారం

అప్పా, నా తల్లీ,

నీ తిట్లన్నీ అందాయి. మూడు పేజీలు తిట్టావు, చేతులు నొప్పెట్టలేదూ? అవి చదివేలోపే ఇక్కడ కథ అడ్డం తిరిగింది. వరసగా చెప్తాను, మధ్యలో తొందరపెట్టకు.

పోయిన వారం మంగళవారం నాకు మధ్యాహ్నం షిఫ్టు. తోటామె మార్చుకుందామంటే సరేనని పొద్దుటి డ్యూటీ చేసి రెండు దాటాక ఇంటికొచ్చేశాను. వాసవి గది తలుపు వేసి ఉంది, లోపల పాటలు వినిపిస్తున్నాయి. మంచి సమయమని నీళ్ళు చూస్తే ఈసారి అంకె కిందికి ఉంది, సోడా కరిగించి తొట్టెలో పోశాను. అప్పా, నీళ్ళు తెల్లబడ్డాయి! ముందు ఒక మూల పొగలా లేచింది, చూస్తుండగా తొట్టె తొట్టంతా మజ్జిగైపోయింది. చేపలు లేవు, రాళ్ళు లేవు, ఏమీ కనపడదు. నేను గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

భయమేస్తున్నా నా బుర్ర లెక్క కడుతూనే ఉంది. సోడా ఒక్కటే వేస్తే నీళ్ళు ఇలా విరగవు. అప్పటికే నీళ్ళలో బోలెడు కాల్షియం కొత్తగా పడి ఉంటే తప్ప ఇంత తెలుపు రాదు. ఆ రెండూ కలిస్తే అయ్యేది సున్నపురాయే. నందిని నుంచి తవ్వి తెచ్చుకునేది మా హాల్లోనే తయారైందన్నమాట! మరి కాల్షియం ఎవరు వేశారు? సారథి చెయ్యరు, ఆయనకి వంటింట్లో ఉప్పు ఏదో పంచదార ఏదో తెలీదు.

"వాసవీ!" అని అరిచాను. ఆ గొంతు నాదని నాకే తెలియలేదు. తలుపు తీసుకుని వచ్చి తొట్టె చూసి, "హాయ్ రామ్, ఆంటీ! యే క్యా హో గయా?" అంది. తరవాత నా చేతిలో గ్లాసు చూసింది.

"కాల్షియం నువ్వు వేశావా?"

"అభీ అభీ, ఇప్పుడే వేశాను. మీరు ఏటి వేశారు?"

"సోడా."

"సోడా నేను రోజూ ట్యూషన్ నుంచి వచ్చి వేస్తన్నాను కదా ఆంటీ!"

"నేను రోజూ నువ్వు ట్యూషన్‌కి వెళ్ళాక వేస్తున్నాను కదే!"

చూశావా? ల్యాబులో ఎవరు ఏం చేశారో అవతలి వాళ్ళకి చెప్పకుండా షిఫ్టు దిగం. ఇంట్లో మాత్రం ఇన్నాళ్ళూ ఒకరికి తెలియకుండా ఒకరం ఒకే తొట్టెని సరిదిద్దుతున్నాం. నేను దింపితే అది ఎక్కించడం, అది ఎక్కిస్తే నేను దింపడం. ఆ మూగజీవానికి ఒక్కరోజు ఊపిరి తీసుకునే వీలివ్వలేదు.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాను. ఏడుపొచ్చేసింది.

వాసవి నేల చూస్తూ చెప్పింది. "మీరు నాన్నతో అన్నారు కదా, ట్యాంకు పోతే ఈ ఇంట్లో ఉండలేనని. నేను విన్నాను. అది పాడవుతోందని మీకు పతా చలేగా తో, తెలిసిందంటే వెళ్ళిపోతారని, చుప్‌చాప్ ఠీక్ చేసీద్దామనుకున్నాను."

"మరి నువ్వే కదే అమ్మమ్మతో అన్నావు, అది పోతే వచ్చేస్తానని?"

"అమ్మమ్మ రోజూ రమ్మంటుంది ఆంటీ. రాను అంటే ఏడుస్తుంది. అందుకే అలాగన్నాను. ట్యాంకుకి ఏటవుతుందిలే అనుకున్నాను. ఇలా అవుతుందని నాకేటి తెలుసు?"

అప్పటికి ఇద్దరం ఏడుస్తున్నాం. ఏడుస్తూనే బకెట్లు తెచ్చాం. ఉన్న ఉప్పంతా కలిపాం, తెల్లనీళ్ళు తోడాం, కొత్త ఉప్పునీళ్ళు పోశాం. హాలంతా తడి. సారథి డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయి, "ఏటిది, మజ్జిగ చేసీసారేటి?" అన్నారు. మేమిద్దరం ఒకేసారి ఆయన మీద పడ్డాం, తొట్టె సంగతి ఒక్కనాడైనా పట్టించుకున్నారా అని. పాపం, ఆయన బూట్లు కూడా విప్పకుండా బకెట్ అందుకున్నారు.

నీళ్ళు కాస్త తేటపడ్డాక అడిగాను, మీ అమ్మ ఇవన్నీ ఎలా సరిచూసుకునేది అని. ఆవిడ ఎంత లెక్కగా చేసేదో, నా చేతిలోనే ఎందుకు చెడుతోందో అని ఇన్నాళ్ళూ కుమిలిపోయాను కదా. వాసవి ముక్కు తుడుచుకుని, "అమ్మా? అమ్మ అసలు టెస్టే చేసేది కాదు. రోజూ సున్నపు తేట ఓ గ్లాసుడు పోసి టీవీ చూసుకునేది" అంది. సారథి నవ్వు ఆపుకోలేక బాల్కనీలోకి వెళ్ళిపోయారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇద్దరమే మిగిలాం. ఊదా పగడం వైపు చూస్తూ ఆ పిల్ల అడిగింది అప్పా, "అది చచ్చిపోయినా నేను ఇక్కడే ఉంటాను. మీరు ఉంటారా?" ఉంటానని తల ఊపాను. అది చాలదన్నట్టు, "ముహ్ సే బోలియే, నోటితో చెప్పండి" అంది. "ఉంటానే, ఎక్కడికి పోతాను" అన్నాను. ఇప్పుడు క్వార్టరు అక్కర్లేదని ఆఫీసులో చెప్పేశాను.

ఇక నుంచి తొట్టెలో చెయ్యి పెట్టేది వాసవి ఒక్కతే. వాళ్ళ అమ్మ లాగే రోజూ సున్నపు తేట పోస్తుంది, కాల్షియం, ఆల్కలినిటీ రెండూ అందులోనే వస్తాయి. నేను వారానికొకసారి అంకె చూడాలి, చూసి నోరు మూసుకోవాలి. నాకెంత కష్టమో నీకు తెలుసు. ఊరికే అటు నడిచినా గదిలోంచి "ఆంటీ, హాథ్ పీఛే! చెయ్యి వెనక్కి!" అని అరుస్తోంది. అంత గట్టిగా నా మీద అరవడం ఇదే మొదలు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మిగతా పగడాలు తేరుకుంటున్నాయి. ఊదాది మాత్రం ఈవేళ పొద్దున్నకి కొసల దాకా తెల్లబడి చచ్చిపోయింది. ముగ్గురం తొట్టె ముందు నిలబడి చూశాం. ఎవరమూ ఎక్కడికీ వెళ్ళలేదు.

ఇంట్లోనే ఉన్న నీ చెల్లి
ప్రసన్న